గాలిమోటరు మళ్లీ బల్లమీదికొచ్చింది

రెవెన్యూ లెక్కలో మా కంగ్టిది నారాయణఖేడ్, జిల్లా లెక్కలో సంగారెడ్డి. ఆకాశం లెక్క తీస్తే మాత్రం బీదరే. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల గీతలు మారినప్పుడు నేల మెదక్‌లోకి వచ్చింది గానీ పైనున్నది అక్కడే ఉండిపోయింది. బీదర్ వాయుసేన స్థావరంలో పైలట్ల శిక్షణ దశాబ్దాలుగా సాగుతోంది. అక్కణ్నుంచి లేచిన విమానాలు మా పత్తిచేల మీద, కందిచేల మీద ఒంగి తిరిగి వెళ్తుంటాయి. చప్పుడు విని తలెత్తితే విమానం అక్కడ ఉండదు, చప్పుడుకన్నా చాలా ముందు వెతకాలి. ఇక్కడి పిల్లలకు ఆ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

మా ఊళ్లలో స్కేల్ మోడల్ (అసలుదాన్ని కొలత ప్రకారం తగ్గించి కట్టే నమూనా) ముందు ప్లాస్టిక్‌తో మొదలవలేదు. జొన్నలు కోసి సొప్ప కట్టలు కట్టాక పిల్లలకు పండగే. దంటు మీది తొక్కను చీల్చి ఈనెలు తీసేవాళ్లం. లోపలి బెండును ముక్కలు కోసి, ఈనెలతో గుచ్చి ఎడ్లబండి చేసేవాళ్లం. బండి బాగా కుదిరినవాడు గాలిమోటరుకు దిగేవాడు. రెండు పొడుగు బెండ్లు అడ్డంగా గుచ్చితే రెక్కలు, వెనకాల చిన్న ముక్క తోక. ప్రపంచమంతా ఎగిరే మోడళ్లకు వాడే బాల్సా కర్ర ఏళ్ల తర్వాత చేతికొచ్చినప్పుడు దాని తేలికదనం నాకేం వింతగా తోచలేదు.

ప్లాస్టిక్ కిట్టు హైదరాబాద్ నుంచి వచ్చింది. అబిడ్స్‌లో ఒక దుకాణం అద్దం వెనక కనబడితే మేనమామను బతిమాలి కొనిపించుకున్నాను. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ ఫోలాండ్ న్యాట్, అసలు విమానంలో డెబ్భైరెండో వంతు. డబ్బా మీద ఎర్రటి బొమ్మ, బ్రిటన్ వాయుసేన విన్యాస దళం రెడ్ ఆరోస్‌ది. నాకు కావలసిన న్యాట్ ఎర్రది కాదు. 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ జెట్లను కూల్చిన మన న్యాట్ కావాలి, వెండిలా మెరిసే వట్టి లోహం రంగులో. డబ్బా చెప్పని ఇంకో సంగతి కూడా ఉంది. లోపలున్నది రెండు సీట్ల శిక్షణ విమానం, మనవాళ్లు యుద్ధంలో నడిపింది ఒంటి సీటుది. మన యుద్ధాలు మోడళ్లుగా కట్టాలనుకున్నవాడికి ఈ బెడద ఇప్పటికీ తప్పలేదు. దాని గురించి ముందుముందు చెబుతాను.

తర్వాత చదువు, ఉద్యోగం, బదిలీలు, పిల్లల ఫీజులు. ఈ సరదాను ఎవరూ మాన్పించరు, అదే మెల్లగా అటకెక్కుతుంది. మళ్లీ దించేందుకు ఒక సాకు కావాలి. నాకు ఆ సాకు 2025 సెప్టెంబరు 26న టీవీలో దొరికింది. చండీగఢ్‌లో ఆ రోజు మిగ్-21కు వాయుసేన వీడ్కోలు చెప్పింది. 1963లో వచ్చిన విమానం, అరవై రెండేళ్ల కొలువు. మిగ్‌ల తయారీలో హైదరాబాద్‌కూ వాటా ఉంది. బాడీలు నాసిక్‌లో, ఇంజన్లు కోరాపుట్‌లో తయారైతే, లోపలి ఎలక్ట్రానిక్ పరికరాల కోసం బాలానగర్‌లో విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ విభాగం వెలిసింది. వీడ్కోలు చూశాక ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కిట్టుకు ఆర్డరు పెట్టాను.

చెప్పకపోవడానికి కారణం ధర. 2020 బడ్జెట్‌లో బొమ్మల దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి ఎగబాకింది, 2023లో 70కి చేరింది. కస్టమ్స్ పుస్తకంలో పిల్లల మూడు చక్రాల సైకిలు, బొమ్మలు, స్కేల్ మోడళ్లు అన్నీ 9503 అనే ఒకే పద్దు కింద ఉంటాయి. నాసిరకం చవక బొమ్మలను ఆపాలన్న ఉద్దేశాన్ని కాదనను. కొండపల్లి, నిర్మల్ బొమ్మల మీద నాకూ ప్రేమే. కానీ యాభై దాటినవాడు కళ్లద్దాలు పెట్టుకుని కట్టే మిగ్-21 కిట్టు, కొండపల్లి అంబారీ ఏనుగుకు పోటీ ఎట్లా అవుతుందో ఆ పద్దు రాసినవాళ్లే చెప్పాలి.

డబ్బా వచ్చిన రోజు కొరియర్ కుర్రాడు అడగనే అడిగాడు: "ఏంది సారూ గిది, మనుమనికా?"

"కాదు తమ్మీ, నాకే."

"మంచిగుంది," అన్నాడు. నమ్మలేదు.

డెబ్భైరెండో వంతు లెక్క ఎక్కడిదో చెప్పుకోవాలి. ఆరడుగుల మనిషి ఒక అంగుళం అవుతాడు, అదీ దీని సౌలభ్యం. 1930లలో బ్రిటన్‌లో కర్ర కిట్లు ఈ కొలతలో వచ్చాయి. 1942లో అమెరికా నౌకాదళం బడి పిల్లలను ఐదు లక్షల కర్ర విమానాలు చేసిపెట్టమని అడిగింది. గాలిలో కనిపించేది మనదా పరాయిదా అని సైనికులు చిటికెలో గుర్తుపట్టాలి కదా, ఆ శిక్షణ కోసం. అవీ ఇదే కొలత. ఎయిర్‌ఫిక్స్ 1953లో స్పిట్‌ఫైర్‌ను ఇదే కొలతలో తెచ్చాక అది స్థిరపడిపోయింది. మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, డెబ్భైరెండో వంతున పది సెంటీమీటర్లు, అరచేతిలో పడుతుంది. నలభై ఎనిమిదో వంతు తీసుకుంటే పదిహేను. కళ్లు మునుపటిలా లేనివాళ్లకు పెద్దదే మేలు, బల్ల మీద చోటుంటే.

బల్ల ముందు

తిరిగొచ్చినవాడికి మొదట తెలిసేది ప్లాస్టిక్ మారిపోయిందని. మా రోజుల్లో రేకుల అతుకులు గీతలుగా ఉబ్బి ఉండేవి, అంచులకు పల్చటి చీలికలు వేలాడేవి, రెండు సగాలు కలిపితే మధ్యలో గోరు పట్టే సందు. ఇప్పుడు కంపెనీలు అసలు విమానాన్ని లేజర్‌తో కొలిచి, కంప్యూటర్‌లో గీసి, అచ్చులు పోస్తున్నాయి. అతుకు గీతలు లోపలికి చెక్కి ఉంటాయి, వెంట్రుకంత సన్నగా. చెకియాకు చెందిన ఎడ్యుఆర్డ్ కంపెనీ మిగ్-21లో రివెట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పైలట్ ముందుండే మీటర్ల పలక రంగులద్దిన ఇత్తడి రేకు మీద వస్తుంది.

జిగురు కూడా మారింది. అప్పటి ట్యూబు జిగురు తీగలు సాగి వేళ్లకు అంటేది, వేలిముద్ర రెక్క మీద శాశ్వతంగా మిగిలేది. ఇప్పటిది నీళ్లలాంటి ద్రవం. రెండు ముక్కలను ముందే కలిపి పట్టుకుని, కుంచె కొసను సందుకు తాకిస్తే చాలు, దానంతటదే పాకుతుంది. అది అతికించడం కాదు, ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగించి రెంటినీ ఒకటి చేయడం. కనుక ముందు పొడిగా పేర్చి చూసుకోవాలి. ఈ ఒక్క పని ఓపికగా చేస్తే పుట్టీతో పని సగం తగ్గుతుంది. కిటికీ తెరిచి ఉంచడం తప్పనిసరి, ఆ వాసన ఎంత ఇష్టమైనా సరే.

మిగతా సరంజామాకు నారాయణఖేడ్ బజారు చాలు. హార్డ్‌వేర్ దుకాణంలో ఎమరీ పేపరు, ఫ్యాన్సీ షాపులో గోళ్లు అరగదీసే ఫైలు, పట్టుకారు, బట్టల క్లిప్పులు. సైకిల్ రిపేరు కొట్టులో అరిగిన బేరింగ్ గుండ్లు. గుండ్లెందుకంటే, ముక్కు కింద ఒక చక్రం, రెక్కల కింద రెండు ఉన్న జెట్ విమానం మోడల్‌గా కడితే తోక బరువుకు వెనక్కి కూలబడుతుంది. ముక్కు మూసేలోపే బరువు లోపల వేసి జిగురు పెట్టాలి. మూసేశాక గుర్తొస్తే చేసేదేం లేదు.

మన వాతావరణం గురించి డబ్బాలోని కాగితం ఒక్క ముక్క రాయదు. మే నెలలో ఎయిర్‌బ్రష్ కొసనే రంగు ఎండి ముద్దకడుతుంది. ముసురు పట్టిన రోజున లక్క రంగు కొడితే తెల్లటి పొగలాగా బూజు తేలుతుంది, అది గాలిలో తేమ పని. కంప్రెసర్ నడుస్తుండగా కరెంటు పోతే సగం రెక్క ఒక ఛాయ, సగం ఇంకో ఛాయ. వానలు తగ్గి చలి ముదరకముందు రెండు నెలలుంటాయి, రంగులన్నీ అప్పటికి దాచుకోవడమే నా పద్ధతి. వట్టి లోహం రంగు అన్నిటికన్నా మొండిది. నల్లటి మెరుపు రంగు కింద వేసి, దాని మీద అల్యూమినియం రంగు పల్చగా కొట్టాలి. కింద ఇసుకరేణువంత గీత ఉన్నా అద్దంలా చూపిస్తుంది. 1971 యుద్ధంలో వెండిరంగు మిగ్‌ల మీద హడావుడిగా ఆకుపచ్చ పూసిన ఉదంతాలు ఉన్నాయి. గీత దాగకపోతే నాకు అదొక దారి.

అటక మీద పాత కిట్లు ఉన్నవాళ్లకు ఒక మాట. స్టిక్కర్ల కాగితం పసుపెక్కి ఉంటుంది, పారేయకండి. పాలిథిన్ సంచిలో పెట్టి ఎండపడే కిటికీ అద్దానికి కొన్నాళ్లు అతికించి ఉంచితే పసుపు చాలావరకు విరుగుతుంది. ఆ పనికి మా ఎండ దివ్యమైంది.

డబ్బాలో లేని విమానం

బెడద దగ్గరికి వద్దాం. మిగ్ అయిపోయాక, నెత్తిన ఎగిరిన విమానమే కట్టాలని కోరిక పుట్టింది. బీదర్ పైన ఇప్పుడు తిరిగేవి హాక్ విమానాలు, 2008 నుంచి అక్కడున్నాయి. హాక్ కిట్లకు కొదవ లేదు, కాకపోతే ఎక్కువ భాగం మళ్లీ అదే రెడ్ ఆరోస్ ఎరుపు. వాళ్లు 1980 సీజన్‌కల్లా న్యాట్ దించి హాక్ ఎక్కారు. వాళ్లది పాత టి-1 రకం, బీదర్‌ది మార్క్ 132. ముక్కు పొడవు వేరు, రూపు వేరు. టి-1 డబ్బాలోంచి బీదర్ హాక్ తీయాలంటే ముక్కు కోసి పుట్టీతో కొత్తది మలచాలి. అది చేయదగ్గ పనే.

కిరణ్ దగ్గర అసలు పరీక్ష. బెంగళూరు హెచ్ఏఎల్‌లో డాక్టర్ వి.ఎం. ఘాట్గే సారథ్యంలో రూపొందిన విమానం, 1964 సెప్టెంబరు 4న మొదటిసారి ఎగిరింది. గురువూ శిష్యుడూ పక్కపక్కన కూర్చుంటారు. దేశంలో ఎన్నో తరాల జెట్ పైలట్లు దీని మీదే నేర్చుకున్నారు, మన దుండిగల్, హకీంపేట శిక్షణ కేంద్రాల్లోనూ. 1996లో బీదర్‌లో పుట్టిన సూర్యకిరణ్ విన్యాస దళం నడిపిందీ దీన్నే, నారింజ, తెలుపు రంగుల్లో కిరణ్ మార్క్ 2 విమానాలు. మార్క్ 2లో ఉన్నది ఆర్ఫియస్ ఇంజను, మన న్యాట్‌లో ఉన్నదీ ఆ ఇంజనే. నా చిన్ననాటి డబ్బాలో విమానం ఇంజనే వేరే రంగు, వేరే పేరున్న విమానంలో మా కందిచేల మీద తిరిగిందన్నమాట. ఆ సంగతి పుస్తకంలో చదివిన రోజు చాలాసేపు వేరే పని చేయబుద్ధి కాలేదు.

ఇంత చరిత్ర ఉన్న కిరణ్ ఎయిర్‌ఫిక్స్, తమియా, హసెగావా, రెవెల్ కేటలాగుల్లో కనబడదు. స్పిట్‌ఫైర్ మాత్రం ప్రతి కంపెనీకీ రకరకాలుగా ఉంటుంది. వ్యాపారం గనక వాళ్లను తప్పుపట్టలేను. కొనేవాళ్లు ఎక్కడుంటే అచ్చు అక్కడి విమానానికి పోస్తారు. ఇలాంటి చోటే పెద్దయ్యాక తిరిగి రావడం పనికొస్తుంది. పిల్లవాడు డబ్బాలో ఉన్నదే కడతాడు. పెద్దవాడు లేనిదాన్ని కట్టేందుకు తెగిస్తాడు. కిరణ్‌కు బ్రిటన్ వారి జెట్ ప్రొవోస్ట్ దూరపు చుట్టంలా ఉంటుంది. అక్కడా పక్కపక్క సీట్లే, రెక్కలూ తిన్ననివే. మార్క్ 1 కిరణ్‌లో ఉన్నదీ ప్రొవోస్ట్ వాడిన వైపర్ కుటుంబపు ఇంజనే. ప్రొవోస్ట్ కిట్టు కొని, రెక్క కొసల ఇంధన ట్యాంకులు కోసేస్తే వెడల్పు దాదాపు సరిపోతుంది. ముక్కు, తోక, గాజు పందిరి మాత్రం ప్లాస్టిక్ రేకుతో చేసుకోవాలి. నా బల్ల మీద ఇప్పుడు అదే నడుస్తోంది.

పక్కింటి అమ్మాయి కాలేజీలో ఎన్‌సీసీ వాయు విభాగం కేడెట్. ఎన్‌సీసీలో ఏరోమోడలింగ్ పోటీలుంటాయి, కర్రతో విమానం చేసి తీగకు కట్టి తిప్పడం దగ్గర్నుంచి రేడియోతో ఎగరేయడం దాకా. ఓ సాయంత్రం వచ్చి, నేను చెక్కుతున్న ముక్కును చూసి, "పెదనాన్నా, కుడిపక్క ఎక్కువ అరిగింది," అంది. నిజమే. అమ్మాయిలకు ఇవి పడవనే పాత మాట కంపెనీల ప్రకటనలు అంటించింది, ఇకనైనా వదిలేయాలి. అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న దుండిగల్‌లో మన మొదటి మహిళా యుద్ధ పైలట్లుగా కమిషన్ అందుకుని హాక్ నేర్చుకోవడానికి వచ్చింది బీదర్‌కే. 2018 ఫిబ్రవరిలో అవని ఒంటరిగా ఎగరేసింది మిగ్-21.

కిరణ్ కట్టడంలో కొలతల కన్నా కష్టం రంగు. సూర్యకిరణ్‌లు 2011లో కిరణ్‌ను పక్కనపెట్టాయి, 2015లో ఎరుపు, తెలుపు హాక్‌లతో మళ్లీ లేచాయి. హాక్‌ల ఫొటోలు లెక్కలేనన్ని దొరుకుతాయి. 2024 డిసెంబరు 8న ట్యాంక్‌బండ్ మీద విన్యాసాలు జరిగితే ఫోను పైకెత్తనివాళ్లు తక్కువ. కిరణ్‌లు తిరిగిన 1996 తర్వాతి తొలి ఏళ్లు మాత్రం ఫిల్ము కాలం. నారింజ ఎక్కడ ఆగి తెలుపు ఎక్కడ మొదలైంది, తోక మీద ఏముంది, పొట్ట కింద పట్టీ ఎటు వంగింది అని చూపించే మంచి ఫొటోలు అరుదు.

స్థావరాల దగ్గర కెమెరా తీయడం నేరం, ఆ జోలికి ఎవరూ పోవద్దు. కానీ ప్రజల కోసం జరిపిన విన్యాసాలకు అప్పట్లో కుటుంబాలు బీరువాలోని కెమెరా పట్టుకుని వెళ్లాయి. బీదర్, జహీరాబాద్, నారాయణఖేడ్, హైదరాబాద్ ఇళ్లల్లో ఆ ఆల్బములు ఇంకా ఉండి ఉంటాయి. నారింజ, తెలుపు విమానాల ఫొటో ఒక్కటి కనబడినా, చెదలు పట్టకముందే స్కాన్ చేయించండి. వెనకాల ఊరు, ఏడాది రాసి పెట్టండి.