రెండుండాల్సిన చోట వంద

మన కణాల్లో ఒక్కో జన్యువుకు సాధారణంగా రెండే ప్రతులు: తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. కొన్ని ఉధృతమైన కణుతుల్లో ఒకే జన్యువు పదులు, వందలుగా పెరుగుతుంది. దీన్నే జీన్ ఆంప్లిఫికేషన్ అంటారు. ఒకే వోచరు లెడ్జరులో యాభైసార్లు ఎక్కినట్టన్నమాట.

గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కేన్సరులో సుమారు 40 శాతం మందికి ఈజీఎఫ్ఆర్ జన్యువు ఇలా పెరిగి ఉంటుంది. కణానికి 'విభజించు' అనే ఆజ్ఞ ఇక ఆగదు.

ఎముక కేన్సర్లు కొన్నింటిలో పెరిగేది ఎండీఎం2. కణానికి కాపలాదారు పీ53 అనే ప్రొటీను. ఎండీఎం2 దాన్ని కట్టిపడేస్తుందని 1992లో తేలింది. ఆడిటరు ఉన్నాడు, పుస్తకాలు మాత్రం చూడనివ్వరు!

మైక్రోస్కోపు కింద నెమ్మదైనదిగా కనిపించినా, ఐడీహెచ్ మార్పు లేని పెద్దవారి ఆస్ట్రోసైటోమాలో ఈజీఎఫ్ఆర్ పెరిగి ఉంటే దాన్ని నాలుగో గ్రేడు గ్లియోబ్లాస్టోమాగానే లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ చెబుతోంది. అందుకే బయాప్సీ రిపోర్టు చేతికొచ్చినప్పుడు జన్యు పరీక్ష కూడా జరిగిందా అని డాక్టరుగారిని తప్పక అడగండి.