సరస్సు చుట్టును వెలసిన పేట

కలకత్తా యనగానే ఇరుకు వీధులును, ట్రాములును, జనసమ్మర్దమును మనకు స్ఫురించును. కాని ఆ నగరపు దక్షిణ భాగమున విశాలమైన సరస్సును, దానిని చుట్టుకొని ఉద్యానవనమును, దాని కావల గృహపంక్తులును గలవు. అదియే రవీంద్ర సరోవరము. అది ప్రకృతి ప్రసాదించినది కాదు, మానవులు త్రవ్వినది.

శతాబ్దము క్రిందట ఆ ప్రాంతము చిత్తడి యడవి. 1920 తరువాతి తొలి సంవత్సరములలో కలకత్తా ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టువారు అచ్చట సుమారు 192 ఎకరముల నేలను సేకరించిరి. పల్లపు నేలలో ఇండ్లు కట్టవలెనన్న మెరక చేయవలెను. అందులకు మన్ను కావలెను. మన్ను త్రవ్వినచోట సుమారు 73 ఎకరముల జలాశయ మేర్పడెను. చుట్టునున్న నేల నివాసయోగ్య మయ్యెను. అనగా ఆ పేటకును ఆ సరస్సునకును పుట్టుక యొక్కటియే. మొదట ఢాకురియా లేక్ అనబడిన యీ సరస్సునకు 1958లో విశ్వకవి పేరు పెట్టిరి.

సరస్సులోని ద్వీపములలో నొకదానిపై సరస్సుకంటెను పాతదైన మసీదు గలదు. దానిని చేరుటకు 1926లో వ్రేలాడు వంతెన కట్టిరి. 1935లో జపాను బౌద్ధుల ఆలయము వెలసెను. తెల్లవారుసరికి వ్యాహ్యాళికై వచ్చువారును, పడవలు నడపు యువకులును గట్లపై కానవత్తురు. సమీపమునగల లేక్ మార్కెట్ ప్రాంతమున దక్షిణాదివారు పెక్కండ్రు స్థిరపడిరి. అరటియాకులకును, కాఫీపొడికిని అచ్చట వెదుకులాడ పనిలేదు.

అందరిదైన నీటిని కాపాడు భార మెవ్వరిది? ఈ ప్రశ్న అచ్చట తీవ్రముగనే తలయెత్తెను. ఛఠ్ పూజ శ్రద్ధాభక్తులతో జరుపుకొను పండుగ. ఐనను వేలకొలది జనులు ఒక్కమారు దిగినచో, పూలు, నూనె, నేయి నిలువనీటిలో కలిసి, చేపలకును తాబేళ్లకును ముప్పు కలుగును. నది వలె దానికి ప్రవాహము లేదు. వాననీరే దానికి ముఖ్యాధారము. జాతీయ హరిత న్యాయస్థానము అచ్చట పూజను నిషేధించినను, 2019లో కొందరు గేటుల తాళములు పగులగొట్టి లోనికి ప్రవేశించిరి. 2020లో సుప్రీంకోర్టు నిషేధమును సడలింప నిరాకరించెను; భక్తులకు వేరుచోట్ల ఘట్టము లేర్పాటు చేసిరి. ఆ యేడు ద్వారములు మూసియే యుండెను.

భక్తులకు వేరొక ఘట్టము చూపవచ్చును. తాబేలునకు వేరొక సరస్సు చూపుట సాధ్యముకాదు. తమ యిండ్లను నిలిపిన మన్ను ఆ గుంట యిచ్చినదేయని పేటవాసులు మరువనంతకాలము దాని నీరు నిర్మలముగ నుండునని ఆశింపవచ్చును.