చిక్కు విప్పితేనే బలం

నర్సింహులపేటలో ఇల్లు కట్టినా, ఆకేరు మీద వంతెన కట్టినా మాలు బాగా కలవాల్సిందే. ఇసుక, సిమెంటు ఒకే రంగుకు వచ్చేదాకా పొడిగానే తిరగేసి, ఆ తర్వాతే నీళ్లు పోయిస్తాడు మేస్త్రీ. కార్బన్ నానోట్యూబు అనే అతి సన్నని సీకును సిమెంటులో వేయబోయిన శాస్త్రవేత్తలకు ఈ కలపడమే కొరకరాని కొయ్యయింది.

సిమెంటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్ననాటి నుంచీ ఈ గుణం దాన్ని వదల్లేదు. 1867లో ఫ్రెంచి తోటమాలి జోసెఫ్ మోనియే లోపల ఇనుప వల పెట్టిన సిమెంటు తొట్లకు పేటెంటు పొందాడు. ఇనుము పెద్ద బీటల్ని ఆపుతుంది. కంటికి కనిపించని పగులుగా మొదలైనప్పుడే బీటను పట్టుకోవాలంటే అంత సన్నని సీకు కావాలి.

అలాంటిది 1991లో లోకం దృష్టికి వచ్చింది. జపాన్‌లోని ఎన్‌ఈసీ ప్రయోగశాలలో సుమియో ఈజిమా, విద్యుత్ ఆర్క్‌లో గ్రాఫైట్ కడ్డీపై పేరుకున్న పదార్థాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే గొట్టంలో గొట్టంగా అమరిన కార్బన్ పొరలు కనిపించాయి. రష్యన్లు రదుష్కెవిచ్, లుక్యనోవిచ్ 1952లోనే ఇలాంటి గొట్టాల చిత్రాలు ప్రచురించినా అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. ఈ గొట్టం బిగువు ఉక్కుకు దాదాపు 5 రెట్లు, బరువు మాత్రం చాలా తక్కువ.

తీరా సిమెంటులో వేస్తే, గొట్టాలు ఒకదాన్నొకటి ఆకర్షించుకుని చిక్కుపడ్డ జుట్టులా ఉండలు కట్టాయి. పైగా వాటికి నీళ్లంటే గిట్టదు. ఉండలోకి సిమెంటు చొరబడదు కాబట్టి బలం కోసం వేసిందే బలహీనమైన చోటుగా మారింది.

అందుకే మేస్త్రీ వరుసను తిరగేశారు. సిమెంటు కంటే ముందు గొట్టాలను నీళ్లలో విడదీయాలి. 2005లో చైనా పరిశోధకులు ఆమ్లాలతో గొట్టాల ఉపరితలాన్ని మార్చి, సిమెంటుతో అతుక్కునేలా చేశారు. 2010లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో భారత సంతతి ఇంజినీరు సురేంద్ర షా, గ్రీకు పరిశోధకురాళ్లు మరియా కోన్‌స్టా, జోయి మెటాక్సా ఇంకో దారి చూపారు. నీళ్లలో సబ్బులాంటి రసాయనం కలిపి, అతిధ్వని తరంగాలు పంపారు. ఆ తరంగాలకు పుట్టిన సూక్ష్మ బుడగలు పేలిపోతూ ఉండల్ని విడగొడతాయి, రసాయనం అవి మళ్లీ అతుక్కోకుండా కాస్తుంది. సిమెంటు బరువులో 0.1 శాతం కూడా లేని గొట్టాలతోనే వంపును తట్టుకునే బలం పెరిగింది.

ఇందులోనూ మోతాదు తప్పకూడదు. తరంగాలు ఎక్కువసేపు పంపితే గొట్టాలే తెగుతాయి. రసాయనం ఎక్కువైతే నురగ వచ్చి సిమెంటులో గాలి బుడగలు మిగులుతాయి, గట్టిపడటమూ ఆలస్యమవుతుంది.

చక్కగా పరచుకున్న గొట్టాలు కరెంటునూ మోస్తాయి. భారం పడితే విద్యుత్ నిరోధం మారుతుంది గనక, తన ఒత్తిడిని తానే తెలిపే కాంక్రీటుపై పరిశోధనలు సాగుతున్నాయి. ధర ఇంకా భారమే. పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకుండా జాగ్రత్త తప్పదు: ఈ గొట్టాల్లో ఒక రకాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్నవాటిలో చేర్చింది.

రేపు మన ఊళ్లో ఎవరైనా నానో సిమెంటు బస్తా అమ్మజూపితే, గొట్టాలు ఎన్ని వేశారన్నది తర్వాతి మాట. ఎలా విడదీశారని ముందు అడగాలి.