చేతులాడ్తలేవ్

కోరుట్లలోనో సిరిసిల్లలోనో మధ్యాహ్నం పూట ఏ వాడకట్టుకు పోయినా, ఒళ్లో చాట పెట్టుకొని అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. తునికాకు ముక్క తీసి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి చాటలో వేస్తారు. మాట మాటే, చెయ్యి చెయ్యే. కూలి వెయ్యి బీడీల లెక్కన కాబట్టి ఎవరి చెయ్యి ఎంత వడిగా ఆడుతుందో పక్కింటికి కూడా ఎరుకే. అలాంటి మనిషి ఒకనాడు ఆకు చేతిలో పట్టుకొని అలాగే కూర్చుండిపోతుంది. అడిగితే "చేతులాడ్తలేవ్" అంటుంది. బద్ధకమని కసురుకుంటాం.

డిప్రెషన్‌ను గుర్తించడానికి వైద్యులు చూసే 9 లక్షణాల్లో ఒకటి అచ్చంగా ఇదే: మాట, కదలిక మందగించడం, లేదా కాలు నిలవకపోవడం. అది పక్కవాళ్ల కంటికి కూడా కనిపించాలి. 9లో కనీసం 5 లక్షణాలు రెండు వారాల పాటు దాదాపు రోజూ ఉండాలి. వాటిలో దిగులో, దేని మీదా మనసు పోకపోవడమో తప్పకుండా ఉండాలి.

మనసు బాగలేకపోతే చెయ్యెందుకు ఆగుతుంది? మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియాకు కదలికలతోనూ పని మీది ఉత్సాహంతోనూ సంబంధం ఉంది. అక్కడ డోపమిన్ పని కుంటుపడటం ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. 2009లో జర్మనీకి చెందిన యోహానెస్ మిషలక్ బృందం డిప్రెషన్ ఉన్నవారి నడకను కొలిచింది. వాళ్లు మెల్లగా నడిచారు, చేతులు తక్కువగా ఊపారు, ముందుకు వంగి, పక్కలకు ఎక్కువగా ఊగారు.

సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య తిరిగే కార్మికుడికి నడకే పని. పోగు తెగి సాంచా ఆగితే వెంటనే పోయి అతకాలి. మందగించిన మనిషికి ఆగిన సాంచా ముందు నిలబడ్డా చెయ్యి లేవదు. ఆర్డర్లు లేక సాంచాలే బందైతే ఈ గుర్తు కూడా దొరకదు. అప్పుడు రెండో రూపాన్ని చూడాలి: రాత్రంతా నిద్రపోకుండా అటూ ఇటూ తిరగడం, వేళ్లు నలుపుకోవడం. నేతన్నల ఆత్మహత్యలు చూసిన ఊరది. అప్పుకూ కూలికీ మందుబిళ్ల జవాబు కాదు, ఆ మాట గట్టిగానే చెప్పాలి. అయినా జబ్బును జబ్బుగా గుర్తిస్తే ఒక ప్రాణం నిలుస్తుంది.

జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల సంగతి ఇంకా కష్టం. వీడియో కాల్‌లో ముఖమే కనబడుతుంది, నడక కనబడదు. అక్కడ చెవే ఆధారం: అడిగిన మాటకు జవాబు ఆలస్యంగా వస్తోందా, గొంతు ఎత్తుపల్లాలు లేకుండా సాగుతోందా?

థైరాయిడ్ హార్మోన్ తగ్గినా, పార్కిన్సన్స్ వచ్చినా మనిషి మందగిస్తాడు. కాబట్టి పరీక్ష అవసరం. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మనసు కుదుటపడకముందే ఒంట్లో సత్తువ రావచ్చు. చెయ్యి ఆడుతోంది కదా అని ఆ రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలొద్దు. 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో తెలియకపోతే, చెయ్యి మెల్లగై రెండు వారాలైందని మొదలుపెట్టండి.