ధ్రువ పరిశోధన నౌక: దీర్ఘకాలిక సామర్థ్య నిర్వహణ

ఆస్తి విలువ ఏటా కొంత తగ్గుతుందనీ, దాన్ని తరుగుదల అంటారనీ మీకు తెలుసు. అయితే ఆస్తి ఉండటం వేరు, దానితో అనుకున్న పని చేయగలగటం వేరు. ఈ రెండోదాన్ని సామర్థ్యం అంటాం. ఖాతా పుస్తకంలో తరుగుదల కనిపిస్తుంది గాని సామర్థ్యం తగ్గటం కనిపించదు.

మీరు నంద్యాల, మహానంది వైపు వారైతే కె.సి. కాలువను చూసే ఉంటారు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలుపెట్టి కడప దాకా తవ్వించిన ఈ కాలువ సేద్యానికే కాదు, పడవల రవాణాకు కూడా ఉద్దేశించింది. 1882లో ప్రభుత్వం దాన్ని కంపెనీ నుంచి కొనుక్కుంది. 1933తో పడవలు ఆగిపోయాయి. కాలువ నేటికీ ఉంది, పొలాలు తడుస్తున్నాయి, కాని పడవలు నడిపే సామర్థ్యం పోయింది. ఒక్క ఆస్తికి రెండు సామర్థ్యాలుంటే, ఒకటి నిలిచి రెండోది పోవచ్చునని దీన్నిబట్టి గ్రహించండి.

ఇక నౌక సంగతికి వద్దాం. అంటార్కిటికాలోని మన మైత్రి కేంద్రంలో హైదరాబాదుకు చెందిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ భూకంపాలను నమోదు చేస్తుంది. శాస్త్రజ్ఞులు విమానంలో వెళ్లినా, ఇంధనం, ఆహారం, బరువైన యంత్రాలు వెళ్లవలసింది ఓడలోనే. 1981 డిసెంబరులో గోవా నుంచి బయలుదేరిన మొదటి భారత యాత్ర నార్వే నుంచి అద్దెకు తీసుకున్న 'పోలార్ సర్కిల్' నౌకలో సాగింది. ఆ తరవాత కూడా మంచును చీల్చుకుంటూ వెళ్లగల సొంత నౌక మనకు లేదు. అద్దె నౌక సరుకు చేరవేస్తుంది. కాని దారి పొడవునా సముద్రాన్ని కొలిచే పరికరాలు అందులో ఉండాలని లేదు. పైగా మంచులో ఓడ నడిపిన అనుభవం ఆ నావికులతోనే వెళ్లిపోతుంది.

మనకు సొంత పరిశోధన నౌకలు లేకపోలేదు. జర్మనీలో తయారైన 'సాగర్ కన్య' 1983 నుంచి పనిచేస్తోంది. ఇటలీలో కట్టిన 'సాగర్ నిధి'కి మంచు తాకిడిని కొంతవరకు తట్టుకునే ఒడలు ఉంది. అది దక్షిణ మహాసముద్ర యాత్రలు చేసింది. అయినా తాకిడిని తట్టుకోవటం వేరు, గట్టి మంచును పగలగొట్టటం వేరు.

ధ్రువ నౌకను ఒకే వస్తువుగా చూస్తే నిర్వహణ అర్థం కాదు. అందులోని భాగాల ఆయుష్షులు వేరువేరు. ఒడలి ఉక్కు సరిగా చూసుకుంటే ముప్పై నలభై ఏళ్లు ఉంటుంది. ఇంజన్లను మధ్యలో ఒకసారి పూర్తిగా విప్పి చూడాలి, లేదా మార్చాలి. శబ్ద తరంగాలతో సముద్రపు లోతు కొలిచే సోనారు, కంప్యూటర్లు పదేళ్లు తిరగకుండానే పాతబడతాయి. లోతుల్లోకి పరికరాలను దింపే వేల మీటర్ల ఉక్కు తాడు అంతకంటే ముందే అరిగిపోతుంది. అన్నిటికంటే తొందరగా చేజారేది మనుషుల నేర్పు. రెండు మూడు సీజన్లు మంచులోకి వెళ్లకపోతే సిబ్బంది చెదిరిపోతారు. ఈ చివరిదానికి బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు అరుదుగా కనిపిస్తుంది, అది పెద్ద లోపం.

ప్రతి ఐదేళ్లకూ నౌకకు సమగ్ర తనిఖీ జరగాలి. ఆ ఐదేళ్లలో సాధారణంగా రెండుసార్లు డ్రై డాక్‌కు చేర్చి, నీళ్లు తోడేసి, అడుగుభాగం పరీక్షిస్తారు. అంటార్కిటికా యాత్రలు అక్కడి వేసవిలో, అంటే నవంబరు నుంచి మార్చి దాకా సాగుతాయి. కాబట్టి మరమ్మతు నెల రోజులు ఆలస్యమైనా ఏడాది యాత్రే చేజారవచ్చు.

మరమ్మతు ఎలా సాగదీసుకుపోతుందో విశాఖపట్నమే చెబుతుంది. 'సింధుకీర్తి' జలాంతర్గామి 2006లో రీఫిట్ కోసం హిందుస్థాన్ షిప్‌యార్డుకు వచ్చింది. సుమారు మూడేళ్ల పని అనుకున్నారు. బయటికి వచ్చింది 2015లో. అది యుద్ధనౌక, పరిశోధన నౌక కాదు. కాని పాఠం ఒకటే: వయసు మీరిన నౌకను విప్పాకగాని అసలు పని ఎంత ఉందో తెలియదు. మరమ్మతు చేసే రేవు నేర్పు కూడా ఆ నౌక సామర్థ్యంలో భాగమే.

జర్మనీ నౌక 'పోలార్‌స్టెర్న్' 1982లో పనిలోకి దిగింది. 2001 నాటికి, అంటే నడివయసులో, దాన్ని సమగ్రంగా బాగుచేశారు. అందుకే 37 ఏళ్ల వయసులో, 2019-20లో, ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచులో చిక్కి ఏడాదిపాటు కొట్టుకుపోతూ పరిశోధన సాగించగలిగింది. దాని స్థానంలో రావలసిన నౌకకు 2024 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. అది 2030కి సిద్ధం కావాలి. ఇంకా పనిచేస్తున్న నౌకకు వారసురాలిని వెతకటం దుబారాగా కనిపిస్తుంది గాని, అదే సరైన సమయం.

ఆస్ట్రేలియాలో ఇది తప్పింది. పాత 'అరోరా ఆస్ట్రేలిస్' 2020లో తప్పుకుంది. కొత్త 'నుయినా' 2021 అక్టోబరులోగాని హోబర్ట్ రేవుకు చేరలేదు. మధ్య సీజన్‌లో అద్దెకు తీసుకున్న నౌక తిరుగు ప్రయాణంలో ఇంజన్ గదికి నిప్పంటుకుంది. సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. కొత్త నౌకకూ చిక్కులు తప్పలేదు. హోబర్ట్‌లో ఇంధనం నింపే చోటికి వెళ్లాలంటే టాస్మన్ వంతెన కింద నుంచి పోవాలి. దానికి అనుమతి రాక, నౌక ఇంధనం కోసం బర్నీ రేవు దాకా వెళ్లవలసి వచ్చింది. ఒడ్డున ఉన్న వంతెన కూడా నౌక ప్రణాళికలో ఉండాలన్నమాట.

మన దేశంలో సొంత ధ్రువ నౌక కొనుగోలుకు 2014లో వెయ్యి కోట్ల రూపాయలకు పైబడిన వ్యయంతో ఆమోదం లభించింది, కాని నౌక రాలేదు. 2025 జూన్‌లో కోల్‌కతాకు చెందిన గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్, నార్వే సంస్థ కాంగ్స్‌బర్గ్‌తో ఇక్కడే అలాంటి నౌక కట్టటానికి అవగాహన ఒప్పందం కుదుర్చుకుంది. నిర్మాణ వ్యయంతోపాటే ముప్పై ఏళ్ల రీఫిట్లకు, సిబ్బంది శిక్షణకు ఎంత కేటాయిస్తారన్నది మీరు గమనించవలసిన అంశం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆస్తికీ సామర్థ్యానికీ తేడాను కె.సి. కాలువ ఉదాహరణతో వివరించండి.

2. మీ ఊరి దగ్గరి ఎత్తిపోతల పథకం లేదా ఆర్టీసీ డిపోను ఎంచుకోండి. అందులో వేరువేరు ఆయుష్షులున్న ఐదు భాగాలను రాసి, ఏది ముందు చేజారుతుందో కారణంతో చెప్పండి. మనుషుల నేర్పును తప్పక చేర్చండి.