కొడుకు పెట్టెలో అవిల్ మాత్రలు

మొన్న ఓ.పి.లో ఒక తల్లి మమ్మల్ని అడిగారు: "డాక్టరుగారూ, మా అబ్బాయి అమెరికాలో చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. సీజను వస్తే చాలు, ఒకటే తుమ్ములట. ఈ అవిల్ మాత్రలు పంపనా?" వద్దన్నాం. మన సంఘాల పిల్లలు అటు వెళుతున్నారు గనుక కారణం ఇక్కడ రాస్తున్నాం.

అక్కడ వసంతంలో చెట్ల పుప్పొడి, ఆగస్టు మధ్య నుండి తొలి మంచు పడేవరకు రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి బాధిస్తాయి. ఆ రాగ్‌వీడ్ మన పొలం గట్ల మీది వయ్యారిభామకు దగ్గర చుట్టమే. ఇక్కడ ఇది పడనివారికి అక్కడ అదీ పడకపోవచ్చు.

తుమ్ములకంటే ముక్కు దిబ్బడ ప్రమాదం. ముక్కు వెనుక నుండి చెవిలోనికి సన్నని గొట్టం ఉంటుంది. విమానం పైకి లేచేటప్పుడు చెవిలోని గాలి సులువుగానే బయటికి పోతుంది. దిగేటప్పుడు గాలి తిరిగి లోపలికి రావాలి. గొట్టం వాచి మూసుకుంటే రాదు. కర్ణభేరి లోపలికి గుంజుకుని విపరీతమైన నొప్పి, ఒక్కోసారి కళ్ళు తిరగడం. అదీ సరిగ్గా నేల దగ్గరపడే వేళ! ప్రయాణికుడైతే చెవి పట్టుకుని కూర్చుంటాడు. నడిపేవాడికి ఆ వీలు లేదు.

అందుకని మాత్ర వేసుకుంటారు. అవిల్ వంటి పాత మందులు ముక్కును ఆరబెడతాయి గాని మెదడును మందగింపజేస్తాయి. "నాకు నిద్ర రావడం లేదే" అనుకునేవారికి కూడా చెయ్యి, చూపు నెమ్మదిస్తాయి. మన జలుబు బిళ్ళల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ వేసుకుంటే 5 రోజులు విమానం నడపరాదని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఏ.ఏ. సూచన. మత్తు తక్కువని మనం ధైర్యంగా వాడే సెట్రిజిన్‌కు సైతం 48 గంటలు ఆగాలి.

లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ మాత్రలకు అనుమతి ఉంది. అయినా మొదటిసారి నేల మీదనే వాడి, 48 గంటలు చూసుకోవాలి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేను సీజనుకు రెండు వారాల ముందే డాక్టరు సలహాతో మొదలుపెడితే మంచిది. వైద్య పరీక్షలో ఎలర్జీ సంగతి దాచవద్దు. అదుపులో ఉన్న మామూలు ఎలర్జీ వల్ల అనుమతి పోదు. దిబ్బడగా ఉన్న రోజున మాత్రం ఎగరకూడదు.

ఆ తల్లి మాత్రలు తిరిగి సంచిలో వేసుకుంటూ, "మరి మా ఆయన ఇవే వేసుకుని రాత్రిళ్ళు కారు నడుపుతారండీ" అన్నారు. ఆయనను సోమవారం తీసుకురమ్మన్నాం.