బాస్కెట్‌బాల్ స్కూలా.. ఫుట్‌బాల్ స్కూలా?

2023లో ఆ జట్టు 12 మ్యాచ్‌లు ఆడి 9 ఓడింది. కోచ్‌ని తీసేశారు. ఆ తర్వాత గడిచింది రెండు సీజన్లే. 2026 జనవరి 19న అదే యూనివర్సిటీ జట్టు ఫైనల్లో మయామీని 27-21తో ఓడించి, ఆ సీజన్లో ఆడిన 16 మ్యాచ్‌లూ గెలిచి, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ చాంపియన్ అయింది. పేరు ఇండియానా యూనివర్సిటీ. బ్లూమింగ్టన్ అనే చిన్న ఊళ్లో ఉంటుంది. డేటా సైన్స్, కంప్యూటర్ సైన్స్‌లో ఎం.ఎస్. కోసం దరఖాస్తులు పెట్టేవాళ్లకు అక్కడి లూడీ స్కూల్ పేరు తెలిసే ఉంటుంది.

కప్పు వచ్చాక అభిమానుల గొడవ సద్దుమణగాలి కదా? అలా జరగలేదు. ఇన్నాళ్లూ 'మనకీ ఓటములేంటి' అని తిట్టుకున్నవాళ్లు ఇప్పుడు 'అసలు మనం ఏ ఆట వాళ్లం' అని వాదించుకుంటున్నారు. ఆ వాదనలు కొన్నాళ్లుగా ఆసక్తిగా గమనిస్తున్నాను. చాలా చోట్ల ఆట పేర్లు తీసేసి చూస్తే, అది మన క్యాంపస్ ప్లేస్‌మెంట్ల గురించిన చర్చలాగే ఉంది. ఎవర్ని తీసుకోవాలి, ఏం చూసి తీసుకోవాలి, ఫ్రెషర్‌కి చోటుందా, డబ్బు ఎటు పోతోంది.. అన్నీ మనకు తెలిసిన ప్రశ్నలే.

ముందు కాస్త నేపథ్యం. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతుల్లో పట్టుకుని పరిగెత్తే ఆట. యూనివర్సిటీ జట్లకు అక్కడ మన ఐపీఎల్ జట్లకున్నంత వీరాభిమానం ఉంటుంది. ఇండియానా స్టేడియంలో 50 వేల మందికి పైగా పడతారు. మన దగ్గర అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఎవరు గెలిచారో పక్క బ్రాంచి వాడికి కూడా తెలియదు, అది వేరే బాధ!

గోడ మీద ఐదు బ్యానర్లు

ఇండియానా అంటే మొదట్నుంచీ బాస్కెట్‌బాల్. 1940, 1953, 1976, 1981, 1987లో ఐదు జాతీయ టైటిళ్లు గెలిచింది. 1976 జట్టు 32 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడలేదు. పురుషుల విభాగంలో ఆ తర్వాత ఇంకే జట్టూ ఓటమి లేకుండా టైటిల్ కొట్టలేదు. చివరి మూడు టైటిళ్లూ తెచ్చిన కోచ్ బాబీ నైట్‌ని 2000లో తొలగించారు. 2002లో మరోసారి ఫైనల్‌కు వెళ్లి మేరీలాండ్ చేతిలో ఓడారు. అక్కడి నుంచి కోచ్‌లు మారుతూనే ఉన్నారు. 2024, 2025లో అయితే 68 జట్లు ఆడే జాతీయ టోర్నమెంటులో చోటే దక్కలేదు.

ఫుట్‌బాల్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. 2025 సీజన్ మొదలయ్యే నాటికి ఆ స్థాయి కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ ఓటములున్న జట్టు ఇండియానాదే. 700కు పైగా మ్యాచ్‌లు ఓడింది. బాస్కెట్‌బాల్ సీజన్ మొదలయ్యేదాకా కాలక్షేపానికి ఫుట్‌బాల్ అన్నట్టుండేది. ఇప్పుడేమో ఆ 'కాలక్షేపం' ఇంట్లో కప్పుంది, పెద్దింట్లో పాత బ్యానర్లు వేలాడుతున్నాయి.

పాతతరం వాళ్లు 'మాది బాస్కెట్‌బాల్ స్కూలే' అంటున్నారు. కొత్తగా చదివి బయటికొచ్చిన వాళ్లు ఒప్పుకోరు. వాళ్లు పుట్టాక బాస్కెట్‌బాల్లో ఒక్క టైటిలైనా వస్తే కదా! నాకైతే కుర్రాళ్ల మాటే సబబనిపిస్తుంది. 1987 నాటి పేరుని 2026లో వాడుకోవడం, ఎప్పుడో పెద్ద కంపెనీ ఒక్కసారి వచ్చి వెళ్లిన కాలేజీ ఇప్పటికీ అదే ఫొటోని బ్రోచర్ మీద వేసుకోవడం లాంటిది.

స్టార్లు చూడని కోచ్

అసలు మలుపు 2023 నవంబరులో వచ్చింది. ముందు కోచ్ టామ్ అలెన్‌ని పంపించడానికే 1.55 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. అప్పటి లెక్కలో దాదాపు 130 కోట్ల రూపాయలు! ఆయన స్థానంలో వచ్చిన కర్ట్ సిగ్నెటీకి అప్పటికి 62 ఏళ్లు. ఆయన కెరియర్ గ్రాఫ్ చూడండి. అలబామా లాంటి అగ్రశ్రేణి జట్టులో సహాయ కోచ్‌గా ఉన్నవాడు, దాదాపు 50 ఏళ్ల వయసులో అది వదిలేసి రెండో డివిజన్లో ఆడే ఓ చిన్న యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. తర్వాత ఈలాన్, ఆ తర్వాత జేమ్స్ మాడిసన్. ఎక్కడా ఒక్క సీజన్లో కూడా గెలుపుల కంటే ఓటములు ఎక్కువ లేవు. ఇండియానాకొచ్చిన కొత్తలో, మీ మాట నమ్మి ఆటగాళ్లు ఎందుకొస్తారని అడిగితే 'నేను గెలుస్తాను. గూగుల్ చేసుకోండి' అన్నాడు. మన దగ్గర ఇంటర్వ్యూలో అలా అంటే పంపించేస్తారేమో కానీ, ఆయన చేతిలో రికార్డుంది.

అక్కడ స్కూలు స్థాయిలోనే ఆటగాళ్లకు రేటింగులిస్తారు. ఐదు స్టార్లంటే అందరూ ఎగబడే కుర్రాడు. రెండు, మూడు స్టార్లంటే సో సో. పెద్ద జట్లు ఐదు స్టార్ల వాళ్ల కోసం కొట్టుకుంటాయి. మన కంపెనీలు కొన్ని కాలేజీలకే వెళ్లినట్టన్నమాట. సిగ్నెటీ పద్ధతి వేరు. ఏం చేయగలడన్న అంచనా కంటే ఇప్పటికే ఏం చేశాడన్నదే చూస్తాడు. తనతోపాటు జేమ్స్ మాడిసన్ నుంచి 13 మంది ఆటగాళ్లు ఇండియానాకొచ్చారు. పెద్ద రేటింగులేమీ లేనివాళ్లు, కానీ వారం వారం మ్యాచ్‌లు ఆడి నిరూపించుకున్నవాళ్లు.

వాళ్లలో ఒకడు ఎలైజా సారట్. స్కూలు నుంచి బయటికొచ్చినప్పుడు ఒక్క స్టార్ కూడా లేదు. సెయింట్ ఫ్రాన్సిస్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టి, జేమ్స్ మాడిసన్ మీదుగా ఇండియానా చేరాడు. 2025 డిసెంబరు 6న ఒహాయో స్టేట్‌తో బిగ్ టెన్ ఫైనల్. ఇండియానా 13-10తో గెలిచింది. ఆ మ్యాచ్‌లో జట్టుకి దక్కిన ఒకే ఒక్క టచ్‌డౌన్ సారట్‌దే. 1967 తర్వాత ఆ లీగ్ టైటిల్ రావడం అదే మొదలు. క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాదీ ఇంచుమించు ఇలాంటి దారే. స్కూల్లో పెద్ద రేటింగు లేదు. బర్క్‌లీలో బిజినెస్ డిగ్రీ పూర్తి చేసుకుని ఇండియానాకొచ్చి, 2025లో హైజ్మన్ ట్రోఫీ గెలిచాడు. కాలేజీ ఫుట్‌బాల్లో అంతకుమించిన వ్యక్తిగత అవార్డు లేదు. లింక్డిన్‌ని చురుగ్గా వాడే స్టార్ క్రీడాకారుడిగా కూడా ఇతనికి పేరు. ప్రొఫైల్ అప్‌డేట్ చేయడానికి బద్ధకించేవాళ్లు గమనించగలరు!

మరి ఫ్రెషర్ల సంగతి?

ఇక్కడే అభిమానులు రెండుగా చీలిపోయారు. ఈ చర్చలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఒకటుంది. కాలేజీ మారాలనుకున్న ఆటగాడు అందులో పేరు పెట్టుకుంటాడు, కావాల్సిన జట్టు తీసుకుంటుంది. ఒకప్పుడు మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఒకసారికి మినహాయింపు ఇచ్చారు, 2024 నుంచి ఎన్నిసార్లయినా మారొచ్చు. దాంతో కోచ్‌లు అనుభవం ఉన్నవాళ్ల మీద పడ్డారు. 18 ఏళ్ల కుర్రాడిని తెచ్చి రెండేళ్లు నేర్పించే ఓపిక తగ్గింది. నేర్పినా వాడు వేరే చోటికి వెళ్లిపోడని నమ్మకమేంటి అంటారు.

ఎక్కడో విన్నట్టుంది కదూ? 'ఎంట్రీ లెవెల్ ఉద్యోగం, రెండేళ్ల అనుభవం తప్పనిసరి'!

బాస్కెట్‌బాల్ వైపు ఈ బాధ ఇంకా ఎక్కువ. ఇండియానా రాష్ట్రంలో స్కూలు బాస్కెట్‌బాల్ అంటే పండగ. కోడీ జెల్లర్, ట్రేస్ జాక్సన్-డేవిస్ లాంటి స్థానిక కుర్రాళ్లు ఎదిగి ఆ జెర్సీ వేసుకోవడం అక్కడివాళ్లకు ఇంటి సంబరం. 2025 మార్చిలో కొత్త కోచ్‌గా డేరియన్ డెవ్రీస్ వచ్చాక జట్టు దాదాపు మొత్తం కొత్తదైపోయింది. 'గెలవండి, ఎవరితోనైనా సరే' అని ఒక వర్గం. 'ముఖం తెలియని వాళ్ల కోసం గొంతు చించుకోవాలా' అని ఇంకో వర్గం. సిగ్నెటీ విజయం చూపించి మొదటి వర్గం నెగ్గుతున్నట్టే కనిపిస్తోంది. కానీ రెండో వర్గం ప్రశ్నకు జవాబు రాలేదు. అందరూ అనుభవజ్ఞులనే తీసుకుంటే ఆ అనుభవం ఇచ్చేదెవరు? సారట్‌కి సెయింట్ ఫ్రాన్సిస్ ఇచ్చింది. చిన్న కాలేజీలు తయారు చేస్తాయి, పెద్దవి ఎత్తుకుపోతాయి. చిన్న కంపెనీలో చేరాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకు సారట్ దారి ఒకటి చెబుతుంది. అక్కడ బెంచి మీద కూర్చోబెట్టరు, ఆడిస్తారు.

డబ్బు మాట దాచడం భావ్యం కాదు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకుని ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లించవచ్చు. తొలి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. పెద్ద యూనివర్సిటీల్లో అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది, తర్వాత పురుషుల బాస్కెట్‌బాల్. మిగతా ఆటలు మిగిలింది పంచుకోవాలి. 2025 అక్టోబరులో సిగ్నెటీకి ఎనిమిదేళ్లకు దాదాపు 9.3 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. కాబట్టి 'ప్రతిభ ఉంటే చాలు, డబ్బు అక్కర్లేదు' అనే సినిమా కథ కాదిది. అలాగని డబ్బు ఒక్కటే అయితే బాస్కెట్‌బాల్ ఎప్పుడో బాగుపడాలి. పూర్వ విద్యార్థులు దానికి ఎప్పుడూ తక్కువ చేయలేదు.

వాదనలో అంకెలు

టెక్ వాడిగా నాకు ముచ్చటేసేది ఒకటుంది. అక్కడి అభిమానులు 'మనోళ్లు ఇరగదీశారు' దగ్గర ఆగరు. కెన్‌పామ్ ర్యాంకు ఎంత అని అడుగుతారు. ఇది కెన్ పామరాయ్ అనే వాతావరణ శాస్త్రవేత్త సరదాగా మొదలుపెట్టిన లెక్క. జట్టు ఎన్ని పాయింట్లు కొట్టిందన్నది కాకుండా, బంతి చేతికొచ్చిన ప్రతి 100 సార్లకు ఎన్ని కొట్టింది, ఎన్ని ఇచ్చింది, ఎదుటి జట్టు ఎంత గట్టిది అని చూస్తుంది. వేగంగా ఆడే జట్టు ఎక్కువ పాయింట్లు కొట్టినంత మాత్రాన మంచి జట్టు కాదని ఇందులో ఇట్టే తేలిపోతుంది. ఒక అభిమాని హాబీ, ఇప్పుడు కోచ్‌లు కూడా చూసే సైటు.

ఇండియానాలోనే పూర్వ విద్యార్థి మార్క్ క్యూబన్ 2015లో ఇచ్చిన 50 లక్షల డాలర్లతో స్పోర్ట్స్ మీడియా, టెక్నాలజీ సెంటర్ ఏర్పాటైంది. మ్యాచ్‌ల వీడియో, ప్రసారాల పనుల్లో విద్యార్థుల చేయి ఉంటుంది. ఎఫ్-1 వీసా మీద వెళ్లేవాళ్లు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు కాబట్టి, ఎక్కడ చేరినా లైబ్రరీ, క్యాంటీన్లతో పాటు అథ్లెటిక్స్ విభాగం ప్రకటనలు కూడా చూసుకోండి.

అమెరికా దాకా ఎందుకు, ఇక్కడే మొదలుపెట్టాలంటే ప్రొ కబడ్డీ ఉంది. ఒక రెయిడ్ వాళ్లది, ఒక రెయిడ్ వీళ్లది. బాస్కెట్‌బాల్లో బంతి చేతులు మారినట్టే. తెలుగు టైటాన్స్ ఒక సీజన్ స్కోరు వివరాలు తీసుకుని 100 రెయిడ్లకు ఎన్ని పాయింట్లు తెచ్చింది, ఎన్ని ఇచ్చిందో పైథాన్‌లో లెక్క కట్టండి. తర్వాత డూ ఆర్ డై రెయిడ్లను విడిగా తీసి చూడండి. రెజ్యుమెలో అందరూ పెట్టే టైటానిక్ డేటాసెట్ ప్రాజెక్టు కంటే, ఇంటర్వ్యూ చేసేవాళ్లు దీని మీద రెండు ప్రశ్నలు ఎక్కువే అడుగుతారు.